దీపం బొమ్మ అగరొత్తులు

అగరొత్తి మంచిదో కాదో వెలిగించకుండా చెప్పకూడదు. ప్యాకెట్టు విప్పగానే గుప్పుమనే వాసన పుల్లది కాదు, దాని మీద చల్లిన అత్తరుది. నిప్పు తగిలి ఐదు నిమిషాలైతే గానీ ఆ అత్తరు ఎగిరిపోయి అసలు సరుకు బయటపడదు. అప్పుడు కొన్ని పుల్లలు గంధంలా ఉంటాయి, కొన్ని మాడిన బెల్లంలా ఉంటాయి, కొన్ని ఉత్త బొగ్గులా ఉంటాయి.

ఇంకో సంగతి, ముక్కుని నమ్మకూడదు. పొగలో కూర్చున్న ముక్కు పది నిమిషాల్లో మొద్దుబారిపోతుంది. అందుకని వెలిగించి, తలుపు దగ్గరగా వేసి, బయటికి వెళ్లి, కాసేపు మంచి గాలి పీల్చుకుని మళ్లీ లోపలికి రావాలి. గుమ్మంలో అడుగు పెట్టినప్పుడు తగిలే మొదటి వాసనే లెక్కలోకి వస్తుంది.

నేను బయట మంచి గాలి పీల్చుకుంటున్న ఆ కాసేపూ ఆ గదిలో ఒక మనిషి పడుకుని ఉండేవాడు. ఆయన గురించే ఈ నాలుగు మాటలూ.

ఎనభైల చివర్లో నేను ఒమాన్ దేశంలోని సలాలాలో ఒక కిరాణా దుకాణంలో పని చేసేవాణ్ణి. కొండల అవతల చెట్లకి గాటు పెడితే కారే సాంబ్రాణిని సూక్‌లో, అంటే బజార్లో, ఆడవాళ్లు గంపల్లో పోసుకుని అమ్మే ఊరది. అలాంటి ఊళ్లో మేం వెదురుపుల్లకి బొగ్గుపొడి పట్టించిన సరుకు అమ్మేవాళ్లం. కొనేది ఎక్కువగా మనవాళ్లే. మా కోస్తావాళ్లు అగరొత్తులని అడిగేవారు, కడపవాళ్లు ఊదుకడ్డీలని, తెలంగాణవాళ్లు ఊదుబత్తీలని. ప్యాకెట్టు మీద అక్షరాలు ఎవరూ చదివేవారు కాదు. బొమ్మని బట్టి అడిగేవారు. నెమలిది, ఆవుదూడది, దీపందీ. బొమ్మ లేనివాటిని ఎర్ర డబ్బా, గుండ్రటి డబ్బా, తెల్లది అనేవారు. ఈ ఆరే మా దుకాణంలో ఉండేవి.

ఒకసారి రోడ్డు పనికి వచ్చిన కరీంనగర్ వైపు మనిషి నెమలి ప్యాకెట్టునీ ఎర్ర డబ్బానీ చెరో చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"అన్నా, గీ రెండిట్ల ఏది మంచిగుంటది?"

"దేవుడికైతే ఎర్రది."

"దేవునికి గాదన్నా. రూమ్ల పన్నెండుమందిమి ఉంటం. డ్యూటీకెల్లి అచ్చి బూట్లిప్పితె దేవుడు గూడ ఉండలేడు. గా వాసన మీద గెలిచేది గావాలె."

నెమలిది ఇచ్చాను. వారం తర్వాత మళ్లీ వచ్చి, "గెలువలేదన్నా, రెండు దోస్తయినయ్" అన్నాడు.

దుకాణంలో అందరికంటే నాకు ముక్కు బాగుందని పేరు. మా సేఠ్ దాన్ని నలుగురిలో అనేవాడు. చదువు పెద్దగా అబ్బని వాణ్ణి, ఊళ్లో దేనికీ పనికిరానివాణ్ణని అనిపించుకుని వచ్చినవాణ్ణి, ఆ మాట నాకు తలకెక్కింది. ఇప్పుడు తలుచుకుంటే దానికోసమే ఇదంతా చేశాననిపిస్తుంది. అప్పుడు మాత్రం పని కోసం చేస్తున్నాననుకున్నాను.

జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా సలాలాలో ఎడతెగని తుంపర. అక్కడివాళ్లు దాన్ని ఖరీఫ్ అంటారు. మిగతా దేశమంతా ఎండకి మాడిపోతుంటే ఇక్కడ కొండలు పచ్చబడతాయి, గోడలు చెమరుస్తాయి, అగ్గిపెట్టెలు మెత్తబడతాయి. అగరొత్తులూ అంతే. సగం కాలి ఆరిపోయాయని జనం ప్యాకెట్లు వెనక్కి తెచ్చేవారు. ఒక ఏడాది ఖరీఫ్ మొదట్లో సేఠ్ నన్ను గోడౌన్‌లోకి పిలిచి, ఆరు రకాలూ ఈ తుంపరలోనే పరీక్ష చెయ్యమన్నాడు. ఆరిపోకుండా చివరిదాకా కాలేది ఏదో ఒక్కటి తేల్చాలి. వచ్చే ఏడాది నుంచి అదొక్కటే కంటెయినర్‌తో తెప్పిస్తాడు. తేల్చినవాడికి కొనుగోళ్ల పని అప్పగిస్తాడు. ఆరు వారాలు గడువిచ్చాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, పోటీ దుకాణంవాడికి తెలిస్తే వాడే ముందు తెప్పించుకుంటాడని.

దుకాణంలో వెలిగించడానికి లేదు. టీపొడి, యాలకులు ఏ వాసన తగిలినా లాగేసుకుంటాయి. అందుకని ప్యాకెట్లు రూమ్‌కి తెచ్చుకున్నాను.

రూమ్‌లో మేం ఇద్దరం. రెండోవాడు కడప జిల్లా నుంచి వచ్చిన దర్జీ. యాభై దాటిన మనిషి. సూక్ చివర ఒక ఒమానీ పేరు మీదున్న కుట్టుదుకాణంలో దిష్‌దాషాలు, అక్కడి మగవాళ్లు తొడుక్కునే పొడుగు చొక్కాలు, కుట్టేవాడు. ఆ దుకాణానికీ మా పోటీ కిరాణాకీ ఒకటే గోడ. నేను ఆయన్ని చాచా అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బీ అనేవాడు. అక్కడ దుకాణాలు ఒంటిగంటకి మూసి నాలుగింటికి తెరుస్తారు. ఆ మూడు గంటలూ ఇద్దరం రూమ్‌కి వచ్చి, తిని, పడుకునేవాళ్లం. ఆయన వండితే నేను గిన్నెలు కడిగేవాణ్ణి.

చాచాకి ఉన్న కోరిక ఒక్కటే, హజ్. అక్కడ రెసిడెంటు కార్డు ఉన్నవాళ్లని బస్సుల్లో మక్కాకి తీసుకెళ్లేవారు. రెండుసార్లు పేరిచ్చాడు. ఒకసారి భార్యకి జబ్బు చేసి ఇంటికి వెళ్లాల్సొచ్చింది, ఇంకోసారి పండగ కుట్లు మీదపడి అర్బాబు, అంటే ఆయన యజమాని, వదల్లేదు. ఈసారి యజమాని కూడా సరేనన్నాడు. బస్సు ఏజెంటు జాబితాలో పేరు ఎక్కింది. ఖరీఫ్ అయిపోగానే కార్డు గడువు ముగుస్తుంది, మెడికల్ పరీక్ష పాసై కార్డు తిరగరాయించుకుంటే వచ్చే హజ్‌కి వెళ్లిపోవడమే. హజ్‌లో మగవాళ్లు కట్టుకునే ఇహ్రాంకి కావలసిన రెండు తెల్లగుడ్డలు అప్పుడే కొని పెట్టెలో పెట్టుకున్నాడు. వాటికి కుట్టు ఉండకూడదు.

"పుట్టినప్పట్నుంచి కుడతానే ఉండా అబ్బీ," అనేవాడు వాటిని తీసి చూపిస్తూ. "ఒక్క మారన్నా కుట్టని గుడ్డ కట్టుకోవాల."

నేను మొదటి పుల్లలు వెలిగించిన మధ్యాహ్నం ఆయన నమాజుకి కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికి వచ్చాడు. గదిలో సామాను పెట్టుకోవడానికి గోడకి కొట్టిన చెక్క ఒకటే. దాని పైన గోడకి వెంకటేశ్వరస్వామి క్యాలెండరు, సేఠ్ దుకాణంలో ఇచ్చింది. నేను తేదీల కోసం తప్ప దానివైపు చూసేవాణ్ణి కాదు. అగరొత్తుల స్టాండు ఆ చెక్క మీద పెట్టాను, వేరే చోటు లేక.

"ఏంది అబ్బీ, ఎన్నడూ లేంది. మొక్కా?" అన్నాడు.

కాదు, పని అని ఉండొచ్చు. అంటే మీ దుకాణంలోనో గోడౌన్‌లోనో చేసుకోమని ఆయన అడగొచ్చు, అడిగితే న్యాయమే. పైగా ఆయన దుకాణం పక్కనే పోటీవాడు. ఇవన్నీ ఒక్క క్షణంలో మెదిలాయి.

"ఊఁ" అన్నాను.

"ఎన్ని దినాలు?"

సేఠ్ ఇచ్చిన ఆరు వారాలు గుర్తొచ్చాయి. "మండలం" అన్నాను.

"నలభై ఒక్క దినాలు," అని తల ఊపాడు. "మా ఊళ్లో నా సావాసగాడు ఒకడు మాల ఏస్తాడు. ఆ దినాల్లో నీసు తిని వాని గడప తొక్కేవాళ్లం కాదు."

ఆ రోజు నుంచి మా రూమ్‌లో చేప వండలేదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చేప లేకపోతే ముద్ద దిగని మనిషి. శుక్రవారాలు సందు చివర మలయాళీ హోటల్‌కి వెళ్లి, లోపల జనం నిండి ఉంటే బయట రేకు చూరు కింద తుంపరలో నిలబడి తిని, నోరు పుక్కిలించుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చేవాడు. ఒకరోజు నేను అటువైపు వెళుతూ చూశాను. పళ్లెం గుండెకి ఆనించుకుని వానకి వీపు పెట్టి తింటున్నాడు. చూడనట్టు వెళ్లిపోయాను.

రెండో రోజో మూడో రోజో కిటికీ సందులోంచి గాలి కొట్టి ఒక పుల్ల ఆరిపోయింది. చాచా లేచాడు. కుట్టుదుకాణం నుంచి తెచ్చిన కత్తిరింపు ముక్కలు వేలితో కిటికీ సందుల్లోకి ఒక్కొక్కటీ కూరాడు. "గాలికి ఆరిపోతాది అబ్బీ. మొక్కులో ఆరిపోతే మంచిది కాదు." నాకు కావలసింది కూడా అదే. గాలి లేకుండా, తేమ మాత్రమే ఉంటే పరీక్ష సరిగా వస్తుంది. అవును, అప్పుడు నేను అలానే అనుకున్నాను.

పరీక్ష మాత్రం శ్రద్ధగా చేశాను. ప్రతి రకంలోనూ అప్పుడే విప్పిన ప్యాకెట్టు నుంచి రెండు పుల్లలు, ముందురోజే విప్పి తేమలో పడేసిన ప్యాకెట్టు నుంచి రెండు. నాలుగూ ఒకేసారి. ఏది ఎన్ని నిమిషాలు కాలింది, ఎక్కడ ఆరింది, బూడిద తెల్లదా నల్లదా, వంగి నిలబడుతుందా రాలిపోతుందా, ప్యాకెట్టు మీద రాసినన్ని పుల్లలు లోపల ఉన్నాయా, అన్నీ ఒక నోటుపుస్తకంలో గీతలు గీసి రాశాను.

ఎర్ర డబ్బా అన్నింటిలోకి మేలైనది. చేత్తో చుట్టిన పుల్ల, వేలితో రాస్తే పొడి అంటుతుంది, తేనె, గంధం కలిసిన వాసన గుమ్మం దాకా సన్నగా వస్తుంది, పొగ తక్కువ. కానీ ఖరీఫ్‌కి అది పనికిరాదు. ముందురోజు విప్పింది మెత్తటి మైనంలా అయి పావువంతు కూడా కాలేది కాదు. గుండ్రటి డబ్బాలో డబ్బాకి తప్ప దేనికీ విలువ లేదు. ఆవుదూడది మల్లెపూవు అంటారు గానీ తలనూనె వాసన. తెల్లది నిజాయితీ సరుకు, ప్యాకెట్టు మీద పన్నెండు అంటే పన్నెండే ఉంటాయి, వాసన మాత్రం గంటకే మాయం. నెమలిది చవక, పుల్లలు ఎక్కువ, అయితే మూడింట ఒకటి వంకర.

దీపం బొమ్మది వేరు. లావుపాటి వెదురు, నున్నగా నల్లటి పూత. నిప్పు బాగా అందుకోవడానికి అందులో ఏదో కలుపుతారు, ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తడిగుడ్డలో చుట్టి ఉంచి తీసినా అంటుకునేది. అంటుకుంటే ఆరేది కాదు. ఖరీఫ్‌లో నలభై ఏడు నిమిషాలు కాలింది, ఒక్కసారి కాదు, పెట్టిన ప్రతిసారీ. పైసకి వచ్చే నిమిషాలు లెక్కేస్తే దాని దరిదాపుల్లో ఏదీ లేదు. పొగ మాత్రం తాడులా లేచి, కప్పు తగిలి, కిందికి దిగి, మంచాల ఎత్తులో నిలబడేది. కళ్లు మండేవి. నోటుపుస్తకంలో నేను పొగని ఎక్కడ రాశానో నాకు గుర్తుంది. గుణాల వరసలో రాశాను. "పొగ బాగా వస్తుంది." ఎందుకంటే కొనేవాళ్లు పొగ ఎక్కువుంటే వాసన ఎక్కువనుకుంటారు, భక్తి కూడా ఎక్కువనుకుంటారు.

రెండో వారం నుంచి ఎక్కువగా దీపందే వెలిగించాను, తేల్చుకోవడానికి. రెండో వారం నుంచే చాచాకి దగ్గు మొదలైంది.

"ఖరీఫ్ దగ్గులే అబ్బీ. మంచు గదా" అనేవాడు. కాసేపు మంచం మీద అటు తిరిగి దగ్గి, మళ్లీ ఇటు తిరిగేవాడు. నేను వెలిగించి బయటికి వెళ్లి, పదిహేను నిమిషాలు చూరు కింద నిలబడి, తడిమట్టి వాసన పీల్చుకుని వచ్చి, గుమ్మంలో ఆగి, పుస్తకంలో రాసుకునేవాణ్ణి. లోపలి దగ్గు బయటికి వినపడేది. అది పొగవల్లని నాకు తెలుసా అని ఎవరైనా అడిగితే, తెలుసు. నా కళ్లే మండుతుంటే తెలియకపోవడం ఏమిటి.

మూడో వారంలో ఒకరోజు దుకాణం నుంచి ముందుగా వచ్చేసరికి చాచా బకెట్టులో ఇహ్రాం గుడ్డలు నానబెట్టి ఉతుకుతున్నాడు. కొత్తగుడ్డలు ఎందుకు ఉతుకుతున్నావని అడిగాను. ఇహ్రాంకి ఏ సువాసనా ఉండకూడదట, పెట్టెలో ఉన్నా పొగ పట్టిందట. ఇది మూడోసారి ఉతకడమట. అది చెప్పడానికి ఆయన సిగ్గుపడ్డాడు, నా దేవుడి ధూపాన్ని తప్పుపట్టినట్టు అవుతుందని.

"నీ ఊదుకడ్డీ గట్టిది అబ్బీ. ఉతికితే పోవడంల్యా" అని నవ్వి, నవ్వుతూ దగ్గాడు. మర్నాడు పెట్టెని నెత్తిన పెట్టుకుని కుట్టుదుకాణానికి మోసుకుపోయాడు.

నాలుగో వారానికి మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేది. మెడికల్ పరీక్షకి ఇంకా నెల పైగా ఉంది. ముందే మందు తీసుకుంటే తగ్గిపోతుందని నేనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. మంచిపని చేస్తున్నానని కూడా అనుకున్నాను. అక్కడ భీమవరం వైపు నుంచి వచ్చిన నర్సమ్మ ఒకావిడ ఉండేది. ఊరగాయ కోసం మా దుకాణానికి వచ్చేది, నన్ను అన్నయ్యగారూ అనేది. డాక్టరు పరాయి దేశంవాడు. ఆయన ఇంగ్లీషులో అడిగితే ఆవిడ చాచాకి తెలుగులో చెప్పేది.

"బాబాయ్‌గారూ, వంట లోపలేనా?"

"లేదమ్మా, వరండాలో. గ్యాసు."

"బీడీ గట్రా ఏవన్నా కాలుస్తారా? నిజం చెప్పాలి మరి."

"అల్లా సాక్షి. పుట్టి బుద్ధెరిగినాక ముట్టలేదు."

డాక్టరు చెవికి గొట్టం పెట్టుకుని వీపంతా విన్నాడు. ఏదో చెప్పాడు. నర్సమ్మ మా ఇద్దరి వైపూ తిరిగింది.

"జాగ్రత్తగా వినండి. ఇది పొగవల్ల వచ్చిందైతే, ఆ పొగ మానేస్తే నెలలో తగ్గిపోద్దంట, మెడికల్‌కి ఏ ఇబ్బందీ ఉండదంట. పొగ లేకుండానే వచ్చిందంటే లోపలి జబ్బు కింద కాగితం మీద రాయాల్సొస్తదంట. అందుకని ఆలోచించి చెప్పండి. గదిలో పొగ లాంటిదేమన్నా ఉందా? దోమల చుట్టలు, సాంబ్రాణి, అగరొత్తులు?"

చాచా నా వైపు చూశాడు. ఎంతసేపో కాదు.

"ఏం లేదమ్మా" అన్నాడు.

బీడీ గురించి అడిగినప్పుడు దేవుణ్ణి సాక్షిగా పిలిచిన మనిషి, ఈసారి పిలవలేదు. అది నేను గమనించాను. ఆయన జన్మలో ఆడిన అబద్ధాలు ఎన్నో నాకు తెలియదు, ఇది మాత్రం నా కళ్లముందు నా కోసం ఆడాడు.

"అంతేనా అన్నయ్యగారూ? రూమ్‌లో ఉండేది మీరేగా" అంది నర్సమ్మ.

నోరు తెరిస్తే మొక్కు అబద్ధమని తెలుస్తుంది. ఆవిడ శుక్రవారం చర్చిలో ప్రార్థనకి వచ్చే తెలుగువాళ్లందరికీ చెబుతుంది, సలాలాలో మనవాళ్లెంతమందని. సేఠ్‌కి తెలుస్తుంది. నేను లెక్కేసుకున్నది ఇవి. చాచా ఊపిరి ఆ లెక్కలోకి రాలేదు.

"అంతేనమ్మా" అన్నాను.

ఆవిడ కాసేపు నా ముఖంలోకి చూసి, డాక్టరు వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. ఆయన రాసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు టాక్సీ ఎక్కాం. అటూ ఇటూ అరటితోటలు తుంపరలో తడుస్తున్నాయి. చాచా మెల్లగా అన్నాడు.

"దేవుని పనిని రోగమని ఎట్లా రాపిచ్చేది అబ్బీ. అట్లా చెప్తే నువ్వు నడుమన నిలిపేయాల్సొస్తాది. ఇంకెన్ని దినాలుండాయి?"

"పద్నాలుగు."

"అయిపోతాయిలే."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరకలేదు. డ్రైవరు అరబ్బు మనిషి, మా మాట వాడికి అర్థం కాదు. వెనక్కి తిప్పమంటే తిప్పేవాడు. ఐదు నిమిషాల్లో ఆస్పత్రిలో ఉండేవాళ్లం. నేను కిటికీ అద్దం మీద చేరిన ఆవిరిని చేత్తో తుడుస్తూ కూర్చున్నాను.

ఇంకా నీచమైన సంగతి, పరీక్ష ఆపలేదు. ఒకరోజు వెలిగించకుండా ఊరుకుంటే ఆయనే అగ్గిపెట్టె తెచ్చి ఇచ్చాడు. "నా కోసరం నిలిపేయొద్దు. నాకు పాపం తగులుతాది." పుచ్చుకుని వెలిగించాను. నలభై ఒకటో రోజుదాకా వెలిగించాను. నోటుపుస్తకం సేఠ్‌కి ఇచ్చాను. ఆయన పేజీలు తిప్పి, గుమాస్తాలందరినీ పిలిచి, పని అంటే ఇలా చెయ్యాలి అని చూపించాడు.

మెడికల్ నాటికి ఆస్పత్రి కాగితం చాచా ఫైల్లో చేరింది. పరీక్ష చేసినవాళ్లు దాన్ని చదివి, ఆయన్ని రెండుసార్లు ఊపిరి పీల్చమని, రాయాల్సింది రాశారు. పనికి తగడని. కార్డు తిరగరాయలేదు. అర్బాబు చెడ్డవాడేమీ కాదు. టిక్కెట్టు కొనిచ్చాడు, ఖర్జూరాల డబ్బా ఇచ్చాడు, భుజం మీద చెయ్యి వేసి దేవుడి చిత్తమన్నాడు. బస్సు ఏజెంటు జాబితాలో ఆయన పేరు కొట్టేసి కింద వేరే పేరు రాసుకున్నాడు. చాచా దాన్ని నిలబడి చూశాడు. నేనూ పక్కన ఉన్నాను.

ఆయన వెళ్లేనాటికి ఖరీఫ్ అయిపోయింది. ఆకాశం తేటగా ఉంది. పొగ ఆగి నెల దాటడంతో దగ్గు కూడా సగానికి సగం తగ్గింది. నర్సమ్మ చెప్పినట్టే. దాన్ని ఇద్దరం చూస్తూనే ఉన్నాం, ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. విమానాశ్రయం దగ్గర సంచీ అందుకుంటూ అడిగాడు.

"నీ మొక్కు తీరిందా అబ్బీ?"

"తీరింది చాచా."

"అల్‌హందులిల్లా" అన్నాడు.

నేను కొనుగోళ్ల పనిలోకి ఎక్కాను. దీపం బొమ్మ అగరొత్తులు కంటెయినర్లలో దిగాయి. మనవాళ్ల రూముల్లో అదే, ఇళ్లలో అదే. కరీంనగర్ మనిషి ఒకరోజు వచ్చి, "గిది గెలిచిందన్నా" అని నాకు చెయ్యి కలిపాడు. ఏడేళ్లు ఆ అట్టపెట్టెలు నా చేతుల మీదుగా వెళ్లాయి. ఏ రూమ్‌లో ఎవరు దగ్గుతున్నారో అడగలేదు. రూమ్‌లో చాచా మంచం మీదికి ఒక డ్రైవరు వచ్చాడు. వచ్చిన రోజే కిటికీ సందుల్లోంచి గుడ్డముక్కలు పీకి, "ఎవడు కూరాడన్నా వీటిని, ఊపిరాడక చస్తాం" అన్నాడు. ఆ ముక్కలు ఏరి దాచుకున్నాను. ఎన్నో ఉత్తరాలు మొదలుపెట్టాను. "చాచాకి నమస్కారాలు" తర్వాత కలం కదిలేది కాదు.

తొంభైల నడుమ సెలవు మీద వచ్చినప్పుడు ఆయన ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. చెప్పాలనే వెళ్లాను. బస్సులో మాటలు వరసగా పేర్చుకున్నాను. నాపరాళ్లు పరిచిన చిన్న ఇల్లు. చాచా మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. గోడవార అదే పెట్టె. నా చూపు చూసి నవ్వాడు.

"ఉండాయిలే, గుడ్డలు. నీ వాసన ఇంకా పోలేదు. ఇంగ కఫన్‌కే, పోయినాక నన్ను చుట్టేదానికే."

నేను నోరు తెరిచాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు చెప్పబల్లేదు. నాకు ఆ పొద్దే తెలుసు. నా హజ్ కోసరమే గదా నువ్వు మండలం పట్టింది. లేకుంటే దేవుని మొకం చూడనోడివి, ఉన్నట్టుండి నలభై దినాలు ఎందుకు పడతావు. మా కోడల్నడుగు, ఊళ్లో ఎవర్నన్నా అడుగు, అందరికీ చెప్పినా. ఫలితం మన చేతిలో లేదు. మొక్కినోడు మొక్కినోడే." కాసేపు ఊపిరి తీసుకుని లోపలికి కేకేశాడు. "అమ్మా, ఆ దీపం బొమ్మది తేమ్మా. అబ్బీ వచ్చినాడు."

కోడలు ప్యాకెట్టు తెచ్చింది. నేను ఏడేళ్లుగా మోస్తున్న ప్యాకెట్టు. నేను వెలిగించిన కడ్డీయే కావాలని ప్రొద్దుటూరు నుంచి తెప్పించుకుంటున్నాడట, ప్రతి గురువారం వెలిగిస్తారట. ఆ అమ్మాయి పుల్ల వెలిగించి మంచం పక్కన గూట్లో గుచ్చింది.

"కిటికీ ముయ్యమ్మా. గాలికి ఆరిపోతాది."

ఆమె మూసింది. పొగ తాడులా లేచి, కప్పు తగిలి, కిందికి దిగింది. చాచా దగ్గడం మొదలుపెట్టాడు. దగ్గు మధ్యలో నా వైపు చూసి ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపాడు. లేచి కిటికీ తియ్యడానికి నాకు ఆరడుగులు. ఖరీఫ్‌లో నలభై ఏడు నిమిషాలు, కడప ఎండల్లో అంతసేపు ఉండదు. వద్దనుకుంటూనే గోడగడియారం చూశాను. ముప్పై ఎనిమిది నిమిషాలు కాలింది. అంతసేపూ కూర్చున్నాను. బస్సులో పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ పైకి రాలేదు.

పుల్ల అయిపోయాక ఆయన కళ్లు తుడుచుకుని, "ఇంకోటి ముట్టియ్యమంటావా?" అన్నాడు.

"వద్దు చాచా" అన్నాను.

ఎందుకు వద్దో ఆయన అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణని, ఆయన పోయిన కబురు తెలిసిన నాటి నుంచీ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అదీ అబద్ధమే.